ఆగిపోయిన పాటకు మన బాకీ

మొన్న వేసవిలో చింతూరు సంతలో మాలో ఇద్దరికి పాత హాస్టల్ తమ్ముడొకడు ఎదురయ్యాడు. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు వాడు ఆరో తరగతి. టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా అయ్యాక, "అన్నా, మీ బ్యాండు ఏమైంది?" అని అడిగాడు. "అదా, అది అప్పుడే పోయింది కదరా" అన్నాం. ముగ్గురం నవ్వుకున్నాం. వాడు నవ్వు ఆపి, ఒక కోయ పాట ఎత్తుకుని రెండు వరుసలు పాడాడు. అది మా బ్యాండు పాటే. ఊళ్ళు తిరిగి పాడింది మేమే. కానీ ఆ రెండు వరుసల తర్వాత ఏముందో మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా మా ఇద్దరికీ మనసు మనసులో లేదు. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

మా బ్యాండు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆశ్రమ పాఠశాలలో నలుగురం మగపిల్లలం. ఊరి పెద్దాయన దగ్గర అడిగి తెచ్చుకున్న డోలు ఒకటి, స్కాలర్‌షిప్ డబ్బులు కలిపి కొన్న పాత గిటారు ఒకటి, హాస్టల్ వంటగదిలో వాడి పారేసిన నూనె డబ్బాలు రెండు. కోయ పాటలకు గిటారు కలిపి పాడేవాళ్ళం. పండుగలకు, పెళ్ళిళ్ళకు, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి పిలిచేవారు. పేరు కూడా పెట్టుకోలేదు. మైకులో "పిల్లల బ్యాండు" అనేవారు, అంతే. రెండేళ్ళు నడిచింది. పదో తరగతి పరీక్షలయ్యాక ఒకడు ఐటీఐకి వెళ్ళాడు, ఒకడు మిరపకాయల కోతకు కూలికి వెళ్ళాడు, ఒకడి ఊరు పోలవరం ముంపులోకి వచ్చి కుటుంబమంతా పునరావాస కాలనీకి మారింది. డోలు పెద్దాయనకు తిరిగి ఇచ్చేశాం. గిటారు తీగలు తెగాక మళ్ళీ వేయించలేదు.

ఒక్క రికార్డింగు ఉండేది. ఒక పెళ్ళిలో ఎవరో ఫోనులో తీసినది మెమరీ కార్డులో వేసుకున్నాం. తర్వాత ఆ కార్డునే సినిమా పాటలు ఎక్కించుకోవడానికి సెల్ షాపులో ఇచ్చాం. అతను ఖాళీ చేసి ఎక్కించి ఇచ్చాడు. తప్పు అతనిది కాదు. లోపల ఏముందో మేము చెప్పలేదు. నిజానికి అప్పుడు మాకే పట్టలేదు.

కొద్దికాలం బతికి కనుమరుగైన ఇలాంటి బృందాలను తలుచుకుంటే ముచ్చటేస్తుంది. ఆ ముచ్చటతో ఆగిపోవచ్చా, లేక వాటికి మనం ఏదైనా బాకీ ఉన్నామా? రెండేళ్ళకే ఆగిపోయింది కాబట్టి అది ఓడిపోయినట్టా? దాన్ని మరిచిపోవడం తప్పా, లేక లోకంలో ఎప్పుడూ జరిగేదేనా? చదువుకునే తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో, బడిలో పనిచేసే మిత్రులతో కలిసి ఈ ప్రశ్నల గురించి కొంచెం నెమ్మదిగా ఆలోచించాలని ఉంది.

పెద్ద కంపెనీల డబ్బు, సినిమాల అండ లేకుండా సొంతంగా నడిచే బృందాలను ఇప్పుడు ఇండీ బ్యాండ్లు అంటున్నారు. ఆ మాట వినగానే నగరాల కాలేజీ కుర్రాళ్ళు గుర్తొస్తారు. కానీ అలాంటి బృందాలు ఆదివాసీ సమాజాల్లోనూ పుట్టాయి, పోయాయి. వాటిలో మాకు బాగా దగ్గరగా అనిపించినవి ఆస్ట్రేలియా ఆదివాసులవి. మా ప్రశ్నలకు వాళ్ళ కథలో చాలా దారులు కనిపించాయి కాబట్టి ముందు అది చెబుతాం.

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ అనే నగరం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆదివాసీ సంగీత అధ్యయన కేంద్రం ఒకటి 1970లలో మొదలైంది. ఎడారి నుంచి వచ్చిన పిట్జంట్జట్జార పెద్దలు అక్కడ తమ పాటలు నేర్పేవారు. పక్క గదుల్లో కుర్రాళ్ళు గిటార్లు, డ్రమ్ములు నేర్చుకునేవారు. ఆ కేంద్రం విద్యార్థుల్లోంచి 1979 ప్రాంతంలో రెండు బృందాలు వచ్చాయి. ఒకదాని పేరు 'అస్ మాబ్'. అక్కడి ఆదివాసుల ఇంగ్లీషులో ఆ మాటకు మనోళ్ళం అని అర్థం. రెండోదాని పేరు 'నో ఫిక్స్‌డ్ అడ్రెస్'. స్థిరమైన చిరునామా లేదు అని అర్థం. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళను పోలీసులు, కోర్టులు కాగితాల మీద రాసే మాట అది. తమ నేల మీదే తమను చిరునామా లేనివాళ్ళుగా రాస్తుంటే, ఆ మాటనే ఆ కుర్రాళ్ళు పేరుగా పెట్టుకున్నారు.

రెండో బృందంలో డ్రమ్ములు వాయిస్తూ పాడినవాడు బార్ట్ విల్లోబి. 1960లో కూనిబ్బా అనే మిషన్ ఊరిలో పుట్టాడు. అప్పటికి ఆస్ట్రేలియా రాజ్యాంగంలో ఆదివాసులను దేశ జనాభా లెక్కలో కలపకూడదనే నిబంధన ఉండేది. 1967లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి దాన్ని తీసేశారు. అంటే దేశం తనను లెక్కపెట్టడానికి ముందే పుట్టినవాడు ఆయన. ఆయన రాసిన ఒక పాట సారాంశం పేరులోనే ఉంది: మేము బతికి మిగిలాం. ఆ పాట తర్వాత అక్కడి ఆదివాసుల ఊరేగింపుల్లో, సభల్లో జెండా పాటలాంటిది అయింది. సంగీతం రెగే. వేల మైళ్ళ దూరంలో జమైకా నల్లవాళ్ళు పుట్టించిన ఆ దరువు తమ కష్టానికి కూడా సరిపోతుందని వీళ్ళకు తోచింది.

1981లో ఈ రెండు బృందాల మీద ఒక సినిమా వచ్చింది. పేరు 'రాంగ్ సైడ్ ఆఫ్ ద రోడ్', దర్శకుడు నెడ్ లాండర్. కచేరీ కోసం ప్రయాణం కట్టిన రెండు రోజుల కథ అది. నటించింది బృందాల వాళ్ళే, తమ పాత్రల్లో తామే. దారిలో పోలీసుల వేధింపులు, రంగు చూసి మారే మొహాలు, చిన్నప్పుడే కన్నవాళ్ళ నుంచి విడదీసిన పిల్లల వెతుకులాట, అన్నీ వాళ్ళు నిజంగా పడినవే. మరుసటి ఏడాది నో ఫిక్స్‌డ్ అడ్రెస్ పాటలతో ఒక చిన్న ఆల్బం వచ్చింది. జమైకా గాయకుడు పీటర్ టోష్ ఆస్ట్రేలియా పర్యటనకు వచ్చినప్పుడు ఆయన కచేరీల ముందు పాడారు. 1984లో బ్రిటన్ వెళ్ళి పాడి వచ్చారు. ఆ తర్వాత కొద్ది కాలానికే బృందం విడిపోయింది. అస్ మాబ్ అయితే అంతకుముందే ఆగిపోయింది. మధ్యమధ్య మళ్ళీ కలిసి పాడినా, ఆ మొదటి ఊపు నాలుగైదేళ్ళదే.

ఇంకో బృందం కథ అక్కడికి చాలా దూరాన, ఎడారి మధ్యలో మొదలైంది. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి దాదాపు 240 కిలోమీటర్లు వెళితే పాపున్యా అనే ఊరు వస్తుంది. చుట్టుపక్కల ఎడారి ప్రజలను ప్రభుత్వం తెచ్చి ఒకచోట చేర్చిన ఊరు అది. మన పునరావాస కాలనీలు చూసినవాళ్ళకు అలాంటి ఊరు ఎలా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. 1980లో అక్కడ బుచర్ అన్నదమ్ములు, ఉత్తరాన ఎల్కో ద్వీపం నుంచి వచ్చిన ఒక ఆదివాసీ గాయకుడు, అక్కడ పనిచేయడానికి వచ్చిన నీల్ మర్రే అనే తెల్ల యువకుడు కలిసి వరుంపి బ్యాండు పెట్టారు. వరుంపి అంటే ఆ ఊరి దగ్గర తేనె చీమల పురాగాథ ఉన్న పవిత్ర స్థలం. 1983లో వాళ్ళు లురిట్జ భాషలో ఒక పాట విడుదల చేశారు. ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలో రికార్డుగా వచ్చిన మొదటి రాక్ పాట అది. పేరుకు అర్థం జైలు నుంచి బయటికి వచ్చాం అని. ఇది సరదాకు రాసిన మాట కాదు. పోలీసు, జైలు కస్టడీల్లో ఆదివాసుల చావుల మీద 1987లో ఆ దేశం రాయల్ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఆ కమిషన్ పరిశీలించిన చావులు 99.

వరుంపి వాళ్ళది 1987లో వచ్చిన ఇంకో పాట ఉంది. ఎడారిలో ఉంటూ తన ద్వీపాన్ని తలుచుకునే మనిషి పాట. టారెస్ జలసంధి దీవుల మూలాలున్న క్రిస్టీన్ అను దాన్ని 1995లో మళ్ళీ పాడింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో అదే పాట లోకమంతా విన్నది. పాట మిగిలింది. దాన్ని మొదట పాడిన బృందం పేరు మాత్రం విన్నవాళ్ళలో ఎంతమంది నోట వచ్చి ఉంటుంది?

ఇప్పుడు మా మొదటి ప్రశ్నకు వద్దాం. కొద్దికాలమే ఉన్నది ఓడిపోయినట్టా?

కాదని చెప్పడానికి మనకు ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు. మన ఊరి రేల పాట చూడండి. ఒకరు వరుస అందుకుంటారు, మిగతావాళ్ళు చేతులు పట్టుకుని అడుగు వేస్తూ దాన్ని తిప్పి పాడతారు. ఎదురుగా నిలబడ్డ చుట్టం మీద, ఆ ఏటి పంట మీద, ఎవరో వేసుకొచ్చిన కొత్త చొక్కా మీద అప్పటికప్పుడు మాటలు కడతారు. తెల్లారేసరికి ఆ మాటలు పోతాయి. వరుస మిగులుతుంది. పోయిన మాటల కోసం ఎవరూ ఏడవరు. ఉట్నూరు వైపు గోండు అన్నదమ్ముల దండారి చూడండి. దీపావళి రోజుల్లో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు తయారవుతారు, బృందం కట్టి ఊరూరా తిరుగుతారు, ఆడతారు, పాడతారు. పండుగ ముగిశాక పూజ చేసి ముగించేస్తారు. ఆ బృందం కొన్ని రోజులదే. "మీ బృందం ఎందుకు ఎక్కువ కాలం నిలబడలేదు?" అని వాళ్ళను అడిగితే నవ్వుతారు. అది నిలబడడానికి పుట్టింది కాదు, ఆ పండుగ కోసం పుట్టింది.

ఎక్కువ కాలం నడిచిందే గొప్పది అనే కొలత మార్కెట్టుది. దుకాణం ఎన్నేళ్ళుగా ఉంది, కంపెనీ ఎన్ని శాఖలు పెట్టింది అని లెక్కపెట్టే కొలత అది. దాన్ని పాటకు పెట్టకూడదు. వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాత్రంతా రాలి తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. కొమ్మన నిలవలేదని దాన్ని ఎవరూ తప్పుపట్టరు. మన అమ్మలు చీకటితోనే లేచి బుట్ట పట్టుకుని వెళతారు. ఎండ ఎక్కేదాకా పడుకుంటే పువ్వు వాడిపోతుంది, లేదా పశువులు తినేస్తాయి. రాలడం పువ్వు స్వభావం. ఏరుకోవడం మన పని.

ఇక్కడ మా మిత్రుల్లో ఒకరు, పెద్ద పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు, అడ్డుపడ్డారు. "మీరు చెప్పేది వినడానికి బాగుంది. కానీ అన్నీ పువ్వుల్లాగే రాలాయా? కొన్నిటిని కొమ్మతో సహా నరికేశారు కదా! నరికినదాన్ని కూడా రాలిందని చెప్పుకుంటే నరికినవాడికే లాభం" అన్నారు.

ఆయన మాట నిజం. మేము దీని మీద చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పుకున్నది ఇది. ఆగిపోవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, పని ముగిసి ఆగిపోవడం. దండారి అలా ఆగుతుంది. రెండోది, ఆపించడం వల్ల ఆగిపోవడం. అడుగడుగునా పోలీసు బండి ఆపుతుంటే, పాడటానికి హాలు దొరకకపోతే, ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి వందల కిలోమీటర్లు డీజిలు ఖర్చుకు డబ్బు లేకపోతే, గొంతు పండే వయసు రాకముందే జబ్బులు, జైళ్ళు మనుషులను ఎత్తుకుపోతే బృందం ఆగిపోతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెంటికీ "అది అప్పుడే పోయింది" అనే ఒక్క మాటే వాడతాం. ఆ మాట వాడిన ప్రతిసారీ ఎలా పోయింది, ఎవరి వల్ల పోయింది అని అడగడం మరిచిపోతున్నాం.

మా నలుగురి బ్యాండునే ఈ ప్రశ్నతో చూసుకున్నాం. పరీక్షలయ్యాయి కాబట్టి విడిపోయాం, ఇది కొంత నిజం. పదహారేళ్ళకు మొదలుపెట్టిన బ్యాండ్లు ఎక్కడైనా ఇరవై రాకముందే ఆగిపోతాయి. కానీ మా డప్పు దరువు బాగా తెలిసినవాడు ఊరు మునుగుతుందని కాలనీకి పోకపోయి ఉంటే? బడిలో కోయ మాట్లాడితే చిన్నచూపు చూడకుండా, ఆ పాటను వార్షికోత్సవంలో పాడించి ఉంటే? ఒక పెద్ద సారు ఆ రోజు "ఆ గోల వద్దు, దేశభక్తి గీతం పాడండి" అనకపోయి ఉంటే? మాది సగం రాలింది, సగం తుంచింది. ఏది ఎంత అని ఇప్పుడు తూకం వేయలేం. కానీ రెండూ ఉన్నాయని చెప్పకుండా ముచ్చటగా మాత్రమే తలుచుకుంటే, మా గతానికి మేమే అబద్ధం చెప్పినట్టు.

అందుకే తీపి జ్ఞాపకం అనే మాట దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలని మాకు అనిపించింది. తలుచుకోవడం మంచిదే. అందులో ప్రేమ ఉంది. కానీ తీపి ఎక్కువైతే చేదు రుచి తెలియదు. ఇప్పుడు ఆ ఆస్ట్రేలియా బృందాలను "ఆ రోజుల్లో ఎంత బాగా పాడారో" అని మెచ్చుకోవడం తేలిక. వాళ్ళు పాడిన జైళ్ళు, లాక్కున్న నేల, విడదీసిన పిల్లలు ఆ మెచ్చుకోలులో ఎక్కడో జారిపోతాయి. పాటను మెచ్చి, పాటలో చెప్పినదాన్ని వినకపోతే అది ఇంకో రకం మరిచిపోవడమే.

మరి మరిచిపోవడం ఎప్పుడూ తప్పేనా? ఇక్కడ ఆస్ట్రేలియా ఆదివాసులు మాకు ఇంకో పాఠం చెప్పారు. వాళ్ళలో చాలా తెగల్లో ఒక మనిషి చనిపోతే కొంతకాలం ఆ పేరు ఎత్తరు. ఫోటో చూపరు, గొంతు వినిపించరు. అది నిర్లక్ష్యం కాదు, మర్యాద. పోయినవాళ్ళను ప్రశాంతంగా పోనివ్వడం, ఉన్నవాళ్ళ దుఃఖాన్ని గౌరవించడం. వరుంపి బ్యాండు గాయకుడు 2007లో చనిపోయినప్పుడు ఆయన కుటుంబం ఈ ఆచారం పాటించింది. పైన మేము ఆయన గురించి చెప్పినప్పుడు పేరు రాయకపోవడం మీరు గమనించే ఉంటారు. ఇన్నేళ్ళ తర్వాత రాయడం తప్పు కాకపోవచ్చు. అయినా అక్కడి మర్యాదను ఒక పేజీలోనైనా పాటించి చూద్దామనుకున్నాం. పేరు రాయకుండా కూడా ఒక మనిషిని గౌరవంగా తలుచుకోవచ్చని రాస్తుంటే తెలిసింది.

కాబట్టి తేడా గుర్తుపెట్టుకోవడానికీ మరిచిపోవడానికీ మధ్య కాదు. ఎవరు నిర్ణయించారు అన్నదే తేడా. తమ పాటను తాము ముగించుకుంటే అది వాళ్ళ హక్కు. తమ మనిషి పేరును తాము మౌనంగా ఉంచుకుంటే అది వాళ్ళ ధర్మం. ఇంకొకరు వచ్చి నోరు మూయిస్తే అది అన్యాయం. ఇంకొకరు వచ్చి అడగకుండా నోరు తెరిపిస్తే, అంటే అనుమతి లేకుండా రికార్డు చేసి, అమ్మి, ఊరేగిస్తే అది కూడా అన్యాయమే.

ఈ చివరి మాటకు ఒక ఉదాహరణ చెప్పాలి. ఇది ఆస్ట్రేలియాది కాదు, కెనడా ఉత్తర కొసన మంచు దేశంలోది. విల్లీ థ్రాషర్ అనే ఇనువియాలుయిట్ తెగ మనిషిని ఐదేళ్ళ వయసులో ఇంటి నుంచి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ బడిలో పెట్టారు. సొంత భాష మాట్లాడనివ్వని బడి అది. 1960లలో కార్డెల్స్ అనే చిన్న బ్యాండులో ఆయన డ్రమ్ములు వాయించాడు. మంచు ప్రాంతపు ఆదివాసుల తొలి రాక్ బ్యాండ్లలో అదొకటి. వాళ్ళు మొదట అందరిలాగే రేడియోలో విన్న పాటలే వాయించేవారు. ఒక ముసలాయన వచ్చి, మన వాళ్ళ గురించి ఎందుకు పాడరు అని అడిగాడట. అప్పటి నుంచి థ్రాషర్ దారి మారింది. 1981లో ఆల్బం చేశాడు. అది మరుగున పడింది. తర్వాత ఏళ్ళ తరబడి వీధి గాయకుడిగా బతికాడు. 2014లో, 1966 నుంచి 1985 దాకా వచ్చిన ఆదివాసుల పాత పాటలను వెతికి ఒక సంకలనంగా తెచ్చినప్పుడు ఆయన పాటలూ అందులో చేరాయి. సంకలనం చేసినాయన పాత రికార్డులు దొరికాయి కదా అని ఊరుకోలేదు, పాడిన మనుషులను వెతుక్కుంటూ వెళ్ళాడు. థ్రాషర్ మళ్ళీ వేదికలెక్కాడు. పాటను మాత్రమే వెతికితే అది సేకరణ. మనిషిని కూడా వెతికితే అది న్యాయం.

వరుంపి బ్యాండు కథ కూడా 2024లో నాటకంగా వేదికెక్కింది. బృంద సభ్యుల కుటుంబాలు అందులో భాగస్వాములు. తండ్రుల కథను పిల్లలు చెప్పుకున్నారు. ఎవరి కథను ఎవరు చెప్పాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మాకు కనబడలేదు.

ఇంతదాకా రాశాక మేము ఒక పని చేయక తప్పలేదు. ఆ పాట కోసం సంతలో కలిసిన తమ్ముడికి ఫోన్ చేశాం. "మిగతా వరుసలు నీకు వచ్చా?" అని అడిగాం. "నాకు ఆ రెండే వచ్చు అన్నా. మొత్తం కావాలంటే అక్కను అడగండి" అన్నాడు. ఏ అక్క అంటే పేరు చెప్పాడు. అప్పుడు మాకు తల కొట్టేసినట్టయింది.

మా బ్యాండు నలుగురు మగపిల్లలది అని ఈ వ్యాసం మొదట్లో రాశాం. అలాగే చెప్పుకుంటూ వచ్చాం. కానీ మేము పాడిన పాటల్లో సగానికి పైగా కట్టింది బాలికల హాస్టల్లో ఉన్న ఆ అమ్మాయి. వాళ్ళ అమ్మమ్మ దగ్గర వరుసలు నేర్చుకుని, వాటికి కొత్త మాటలు కట్టి, ఆదివారం ఏటి ఒడ్డున మాకు నేర్పింది. ప్రోగ్రాములకు మాత్రం మేము ఆమెను పిలవలేదు. "రాత్రిపూట ఆడపిల్ల ఎలా వస్తుంది" అన్నాం. మైకులో ఆమె పేరు చెప్పలేదు. మెమరీ కార్డు ఖాళీ అయినందుకు బాధపడ్డాం కానీ, మా జ్ఞాపకంలోంచి ఆమెను తుడిచేసింది సెల్ షాపు కాదు, మేమే.

ఎవరు నరికారు, ఎవరు ఆపించారు అని ఇంతసేపు బయటివాళ్ళ వైపు వేలు చూపించాం. ఆ ప్రశ్న వదలకూడదు. అయితే ఆ వేలు ఒకసారి మన వైపు కూడా తిప్పుకోవాలి. మన బృందాల్లో పాట కట్టినవాళ్ళు ఎవరు, వేదిక ఎక్కినవాళ్ళు ఎవరు? మనల్ని మరిచారని లోకాన్ని నిలదీసే మనం, మనలో ఎవరిని మరిచాం?

ఉపాధ్యాయ మిత్రులారా, మీ బడిలో ఇప్పుడు కూడా అలాంటి బృందం ఒకటి ఉండే ఉంటుంది. బెంచీల మీద దరువు వేసే పిల్లలు, సెల్ ఫోనులో పాట తీసుకునే పిల్లలు. వాళ్ళను పెద్ద బ్యాండు చేయనక్కర్లేదు. పోటీలకు తిప్పనక్కర్లేదు. వాళ్ళు పాడింది ఒకసారి వినండి. ఒక నోటుబుక్కు పెట్టించండి. పాట తెలుగు లిపిలోనే రాసినా, మాట మాత్రం వాళ్ళ భాషదే ఉండనివ్వండి. కింద మూడు సంగతులు రాయించండి: ఎవరు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ గూడెం పాట. రికార్డు చేసే ముందు పాడేవాళ్ళను అడగండి, వద్దంటే ఆపండి. చేసినదాన్ని ఒక్క ఫోనులో వదిలేయకండి.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఎన్నాళ్ళు నడుస్తుందో అని భయపడి బ్యాండు పెట్టడం మానకండి. రెండేళ్ళు నడిస్తే రెండేళ్ళే. ఒక పండుగకు నడిస్తే ఒక పండుగకే. ఆగిపోతే సిగ్గుపడకండి. ఆపిస్తే మాత్రం ఊరుకోకండి. ఎవరైనా మీ బ్యాండు ఏమైందని అడిగితే, మాలాగా నవ్వి తప్పించుకోకుండా జరిగింది చెప్పండి.

అడిలైడ్ నగరంలో ఇప్పుడు ఒక సందుకు నో ఫిక్స్‌డ్ అడ్రెస్ పేరు పెట్టారు. చిరునామా లేదని పేరు పెట్టుకున్న బృందం ఇవాళ ఒక చిరునామా అయింది. విన్నప్పుడు మాకు సంతోషమేసింది. ఆ వెంటనే కాలనీకి వెళ్ళిపోయిన మా డప్పు దరువు మిత్రుడు గుర్తొచ్చాడు. వాడి ఇంటికి ఇప్పుడు ఒక నంబరు ఉంది. వాడు పుట్టిన గూడెం పేరు మాత్రం పాటలోనే ఉంది.

ఆ పాట కోసం అక్కకు ఫోన్ చేశాం. ముందు క్షమించమని అడిగాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మేము గుర్తున్నంత పాడితే విని, "రెండో వరుసే తప్పు పాడుతున్నారు" అంది. సరిచేసి, మొత్తం పాట పాడి వినిపించింది. ఈ పుస్తకంలో పాటను, ఆమె పేరును అచ్చు వేస్తామని అడిగాం. వద్దంది. "పుస్తకంలో పడుకోబెట్టకండి. మీ ఇద్దరూ టీచర్లే కదా, బళ్ళో పిల్లలకు నేర్పండి. ఎవరి పాట అని వాళ్ళు అడిగితే అప్పుడు నా పేరు చెప్పండి. వాళ్ళు మాటలు మార్చుకుంటే మార్చుకోనివ్వండి" అంది.

అందుకే ఆ పాట ఇక్కడ లేదు. బడులు తెరిచాక మొదటి శనివారం నుంచి నేర్పడం మొదలుపెట్టాం.